రూటింగ్ పౌడర్: ఏ కొమ్మకు కావాలి, దేనికి దండగ

బోన్సాయ్ కోసం కొమ్మలు నాటేవాళ్లు ముందుగా అడిగేది రూటింగ్ పౌడర్, అంటే కోసిన కొమ్మకు వేర్లు పుట్టించే పొడి గురించే. హన్మకొండలో మా డాబా మీద కొన్నేళ్లుగా వాడుతున్నాను. జువ్వి, దానిమ్మ, జేడ్ లాంటివాటికి ఇది దండగ. కారే పాలు కడిగేసి తడి ఇసుకలో గుచ్చితే జువ్వి ఏ మందూ లేకుండానే వేరు పోస్తుంది. కాగితం పూల చెట్టుకు మాత్రం పెట్టిన పైసలకు న్యాయం చేస్తుంది.

డబ్బాలో ఉండేది ఐబీఏ అనే హార్మోన్ కొంచెం, మిగతాదంతా టాల్క్. లేత కొమ్మకు 1000 పీపీఎం (పది లక్షల పాళ్లలో వెయ్యి పాళ్ల హార్మోన్), సగం ముదిరినదానికి 3000, గట్టి కట్టెకు 8000 దాకా వాడతారు. ఈ అంకె లేని డబ్బా కొనకండి. ఒక షాపులో నాకు అంటగట్టినదాని మీద అంకే కాదు, ఎక్స్‌పైరీ డేటు కూడా లేదు. లోపలంతా గడ్డకట్టిన పిండి.

కాగితం పూలకు నేను బొటనవేలంత లావు కొమ్మే తీసుకుంటాను. మొదలు లావెక్కడానికి ఏళ్లకేళ్లు ఆగే పని కొంత తప్పుతుంది. కణుపు కింద పదునుగా కోసి, చివర తడిపి, పౌడర్ అద్ది, ఎక్కువైంది దులిపేయాలి. పుల్లతో ముందే గుంత చేయాలి, లేకపోతే పౌడరంతా పైనే రాలిపోతుంది. గ్లాసులో నింపేది దొడ్డు ఇసుక, కోకోపీట్ (కొబ్బరి పొట్టు) చెరి సగం. అడుగున బొక్కలు పెట్టిన పారదర్శక ప్లాస్టిక్ గ్లాసులో నాటితే లోపల జరిగేది కనిపిస్తుంది. ముందు కోసిన అంచు చుట్టూ తెల్లగా ఉబ్బుతుంది, తర్వాత దారప్పోగుల్లాంటి వేర్లు గ్లాసు గోడకు తగులుతాయి. అప్పటిదాకా చిగుళ్లను నమ్మొద్దు. కొమ్మలో దాచుకున్న బలంతోనే అవి వచ్చేస్తాయి. తొందరపడి కుండీ మారిస్తే ఆ సన్న వేర్లు పుటుక్కున తెగుతాయి.

ఎండాకాలం 44 డిగ్రీల్లో ఏ పౌడరూ కాపాడదు. ఆరుద్ర కార్తె నుంచి పుష్యమి దాకా మబ్బూ తేమా ఉన్నప్పుడే పని. దాల్చినచెక్క పొడి బూజును ఆపుతుందేమో గానీ వేర్లు పుట్టించదు. చింత, వేపలకైతే విత్తనమే మేలు.

డబ్బాలోనే కొమ్మ ముంచకండి, తేమ తగిలి మిగతాది పాడవుతుంది. కాగితం మీద చిటికెడు వంపుకొని, డబ్బాను మూత బిగించి ఫ్రిజ్‌లో పెట్టండి.

ఐదుకు మూడున్నర ఇస్తా. మళ్లీ కొంటా, కానీ చిన్న డబ్బానే. పెద్దది కొంటే సగం కూడా వాడకముందే పవర్ పోతుంది.