రిలయబిలిటీ రంగంలో పీహెచ్‌డీయా, కంపెనీ ఉద్యోగమా: ఏది మేలు?

మొన్న మా పిన్ని కొడుకు బెంగళూరు మారతహళ్లిలోని పీజీ హాస్టల్ నుంచి ఫోన్ చేశాడు. ఎమ్మెస్సీ స్టాటిస్టిక్స్ అయిపోయింది. ఒక పక్క ఎలక్ట్రిక్ స్కూటర్లకు కంట్రోలర్లు (మోటారును నడిపించే ఎలక్ట్రానిక్ బోర్డులు) తయారుచేసే కంపెనీలో రిలయబిలిటీ ఇంజనీర్ ఉద్యోగం, అంటే వస్తువులు పాడవకుండా ఎన్నాళ్లు పనిచేస్తాయో పరీక్షించి లెక్కగట్టే పని, ఇంకో పక్క అదే రంగంలో పీహెచ్‌డీ సీటు. "ఏది మేలన్నా? నువ్వు రెండూ చూశావు కదా" అన్నాడు. నిజమే. ఇదే బెంగళూరులో మూడేళ్లు కంపెనీలో పనిచేసి, తర్వాత పీహెచ్‌డీ చేసి, ఇప్పుడు పాఠాలు చెబుతున్నాను.

డబ్బు సంగతి ముందే తేల్చేసుకోవాలి. పీహెచ్‌డీ చేసేవాళ్లకు ఇచ్చే ఫెలోషిప్ జేఆర్ఎఫ్ 2023 నుంచి నెలకు 37,000 రూపాయలు, రెండేళ్ల తర్వాత 42,000, హెచ్ఆర్ఏ వేరు. డిగ్రీ చేతికొచ్చాక యూజీసీ స్కేలులో అసిస్టెంట్ ప్రొఫెసర్ బేసిక్ 57,700తో మొదలవుతుంది, అదీ పర్మనెంట్ పోస్టు దొరికితేనే. ఆ పోస్టు కోసం ఎదురుచూస్తూ గెస్ట్ ఫ్యాకల్టీగా ఏళ్లు గడిపినవాళ్లు నాకు తెలుసు. చెల్లి పెళ్లో, నాన్న అప్పో తల మీద ఉంటే ఉద్యోగంలో చేరిపోవాలి. అందులో చిన్నతనం ఏమీ లేదు.

ఇక పని. కంపెనీలో నా మొదటి పెద్ద టెస్టు 85 డిగ్రీల వేడి, 85 శాతం తేమ ఉన్న చాంబర్‌లో వెయ్యి గంటలు, అంటే దాదాపు 42 రోజులు. 20 కంట్రోలర్లు పెట్టాం. మూడు పోయాయి: 410, 655, 880 గంటల దగ్గర. తలుపు తెరవగానే ముఖానికి కొట్టిన ఆవిరి, మూడో బోర్డు మీద రాగి గీతల వెంట ఆకుపచ్చగా పట్టిన తుప్పు నాకింకా గుర్తే. మీటింగులో మా పైఆఫీసరు పోయిన మూడింటికీ సగటు కట్టి, "ఆయుష్షు 648 గంటలు" అని తేల్చేశారు. బతికున్న 17 ఆయన లెక్కలోకే రాలేదు. అవి ఎన్నాళ్లు నడుస్తాయో తెలియకపోయినా, వెయ్యి గంటలు దాటాయని తెలుసు కదా. ఇలాంటి దాన్నే సెన్సార్డ్ డేటా అంటారు. అన్నీ కలిపి నడిచిన గంటలు 18,945. పోయిన మూడుతో భాగిస్తే సగటు ఆయుష్షు 6,315. దాదాపు పది రెట్ల తేడా!

ఆ 6,315 కూడా ఆయుష్షు ఎక్స్‌పొనెన్షియల్ అనే డిస్ట్రిబ్యూషన్‌ను (ఏ వయసులో ఎన్ని పోతాయో చెప్పే గణిత సూత్రాన్ని) పాటిస్తుందనుకుంటేనే వస్తుంది. అంటే కొత్త బోర్డుకూ పాత బోర్డుకూ పాడయ్యే అవకాశం ఒకటే అనుకోవాలి. తుప్పు పట్టే వస్తువు విషయంలో అది నిజం కాదు, వయసు పెరిగేకొద్దీ ముప్పు పెరుగుతుంది. అక్కడ ఆ పెరుగుదలను కూడా పట్టుకునే వీబుల్ డిస్ట్రిబ్యూషన్ కావాలి. పైగా పోయినవి మూడే. ఇంత తక్కువ సమాచారంతో ఎంత కచ్చితంగా చెప్పగలమో హద్దు గీసింది మన తెలుగువాడు, స్టాటిస్టిక్స్ శాస్త్రవేత్త సి.ఆర్.రావు గారు, 1945లో. ఆ హద్దు ప్రకారం మా అంచనాలో ఊగిసలాట ఉజ్జాయింపుగా 3,600 గంటలు. ఇవన్నీ ఆలోచిద్దామంటే శుక్రవారానికి రిపోర్టు ఇవ్వాలి. ఆ టెన్షన్‌లో నేనూ 6,315 అనే రాసిచ్చాను. నన్ను పీహెచ్‌డీ వైపు నడిపించింది ఆ రిపోర్టే.

యూనివర్సిటీలో ఉండేది టైమ్. ఒక్క ప్రశ్న మీద రెండేళ్లు కూర్చున్నా ఎవరూ తరమరు. కరువంతా డేటాకే. 1956లో లీబ్లైన్, జెలెన్ ప్రచురించిన 23 బాల్ బేరింగుల ఆయుష్షు లెక్కల మీదే ఇప్పటికీ పేపర్లు వస్తున్నాయి. పాత డిస్ట్రిబ్యూషన్‌కు ఇంకో పారామీటర్ (సూత్రంలో మార్చుకోగల అంకె) తగిలించి, అవే 23 బేరింగులకు అతికించి, బాగా సరిపోయిందని రాయడం నాకు బాధ కలిగిస్తుంది. వీబుల్ డిస్ట్రిబ్యూషన్‌కు పేరిచ్చిన వీబుల్ గారి 1951 పేపర్ తెరిచి చూడండి: ఉక్కు బలం, బూడిద రేణువుల సైజు, మన దేశపు పత్తి పోగుల బలం. అన్నీ ఎవరో కొలిచి తెచ్చిన అంకెలే.

అందుకే ఈ రంగం వరకూ నా మాట ఇదీ: ముందు రెండు మూడేళ్లు కంపెనీ, తర్వాత పీహెచ్‌డీ. అంతకంటే ఆలస్యం చేస్తే జేఆర్ఎఫ్ వయసు పరిమితి దగ్గర పడుతుంది, ఈఎంఐలు మొదలవుతాయి, ఇంట్లో "ఇంకా చదువేమిట్రా" అంటారు. ఇందులో ఒక నష్టం కూడా ఉంది. కంపెనీ డేటా కంపెనీదే, అనుమతి లేకుండా థీసిస్‌లో వాడలేం. నా 20 కంట్రోలర్లు నా థీసిస్‌లో లేవు.

గైడుకు ఫ్యాక్టరీలతో సంబంధాలుంటే మాత్రం నేరుగా పీహెచ్‌డీలో చేరడమే మేలు. ఇక్కడే మైసూర్ రోడ్డులో ఐఎస్ఐ (ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్) ఉంది. అక్కడి ఎస్‌క్యూసీ అండ్ ఓఆర్ (స్టాటిస్టికల్ క్వాలిటీ కంట్రోల్, ఆపరేషన్స్ రీసెర్చ్) విభాగం వాళ్లకు పరిశ్రమల సమస్యలతోనే పని. అలాంటి చోట ఈ రెండు దారులూ కలుస్తాయి.

మావాడు వచ్చే సోమవారం తనకు పీహెచ్‌డీ గైడు కాబోయే ప్రొఫెసర్‌ గారిని కలుస్తున్నాడు. అడగమని రెండు ప్రశ్నలు వాట్సాప్‌లో పంపాను: "సార్, నేను పనిచేయబోయే డేటా ఎక్కడి నుంచి వస్తుంది? మీ దగ్గర పీహెచ్‌డీ చేసినవాళ్లు ఇప్పుడెక్కడ ఉన్నారు?" ఆఫర్ లెటర్‌కు జవాబివ్వడానికి బుధవారం దాకా గడువుంది.