ఫ్లోరెన్సా, రోమా? ఆర్కిటెక్చర్ విద్యార్థి కాలినడకకు ఏది మేలు?

ఆర్కిటెక్చర్ చదివే విద్యార్థికి ఇటలీ చూసే అవకాశం కళాశాల అధ్యయన యాత్ర వల్ల వచ్చినా, మిలాన్ వంటి చోట చదువుతూ దొరికిన సెలవుల్లో వచ్చినా, చేతిలో ఉండే సమయం సాధారణంగా ఒక వారానికి మించదు. ఆ వారంలో ఐదారు నగరాలు చుట్టి రావాలన్న ఆశ సహజమే గాని, బస్సు కిటికీలోంచి చూసిన కట్టడం స్కెచ్‌బుక్కులోకి ఎక్కదు. ఒకే నగరాన్ని ఎంచుకుని దాన్ని నడిచి చూడడమే మేలని ఒప్పుకున్నవారికి మిగిలే ప్రశ్న ఫ్లోరెన్సా, రోమా అన్నది. వెనిస్‌ను ఈ పోలికలోకి తీసుకురాలేదు. వాహనాలు లేని ఆ నగరం నడకకు అనువైనదే, 20వ శతాబ్దపు వాస్తుశిల్పి కార్లో స్కార్పా పనిని చూడదలచినవారికి దానికి సాటి కూడా లేదు. కాని అక్కడి పెద్ద భవనాలు కాలువల వైపు ముఖం పెట్టుకుని ఉంటాయి కనుక, వీధిలో నడిచేవారికి తరచు వాటి వెనుక గోడలే కనిపిస్తాయి.

ముందుగా దూరాల మాట. ఫ్లోరెన్స్‌లో శాంతా మరియా నొవెల్లా రైల్వే స్టేషను నుంచి పాత నగరపు తూర్పు కొసన ఉన్న శాంతా క్రోచే చర్చి వరకు సుమారు ఒకటిన్నర కిలోమీటరు ఉంటుంది. రోమ్‌లో తెర్మినీ స్టేషను నుంచి వాటికన్‌లోని సెయింట్ పీటర్స్ చర్చి వరకు నాలుగు కిలోమీటర్ల దాకా నడవాలి, పైగా ఆ దారిలో చాలా భాగం నల్లరాతి దిమ్మెలు పరచిన ఎగుడుదిగుడు నేల. ఫ్లోరెన్స్ పాఠం స్టేషను గుమ్మం దగ్గరే మొదలవుతుందని కూడా చెప్పుకోవాలి. 1930లలో జొవాన్నీ మికెలూచ్చి బృందం రూపొందించిన ఆ ఆధునిక భవనం ఎదురుగా మధ్యయుగపు చర్చి వెనుక భాగం ఉంది. చర్చి కట్టిన గోధుమరంగు రాయినే వాడి, ఎత్తు పెరగకుండా అడ్డంగా సాగిన ఆ స్టేషను, పాతదాని పక్కన కొత్తది ఎలా నిలబడవచ్చో ఏ ఉపన్యాసమూ లేకుండానే చూపుతుంది.

ఫ్లోరెన్స్‌కు ఉన్న అసలు బలం మాత్రం కొలత. కేథడ్రల్ దగ్గర బయలుదేరి వియా దెయి సెర్వీ అనే తిన్నని వీధిలో అర కిలోమీటరు నడిస్తే శాంతిస్సిమా అన్నున్జియాతా చౌకు వస్తుంది. దాని ఒక పక్కన వాస్తుశిల్పి ఫిలిప్పో బ్రూనెల్లెస్కి 1419లో మొదలుపెట్టిన అనాథ శిశువుల ఆశ్రమం ఉంది. దాని ముందరి కమానుల వసారాలో స్తంభం ఎత్తు, రెండు స్తంభాల మధ్య దూరం, స్తంభం నుంచి వెనుక గోడకు ఉన్న లోతు, ఈ మూడూ ఒకటే. ఆనాటి ఫ్లోరెన్స్ కొలమానంలో పది మూరలు, అంటే దాదాపు 5.8 మీటర్లు. ఇద్దరు విద్యార్థులు టేపు పట్టుకుంటే అరగంటలో దీన్ని స్వయంగా తేల్చుకోవచ్చు, అందుకు టికెట్టు కూడా అక్కరలేదు. పునరుజ్జీవన కాలపు నిష్పత్తుల గురించి తరగతిలో ఎన్ని స్లైడ్లు చూసినా కలగని నమ్మకం ఆ టేపు చివర కలుగుతుంది. ఎదుటి పక్కన ఉన్న వసారా దాదాపు నూరేళ్ళ తరువాతిది. ఆంతోనియో ద సంగాల్లో, బాచ్చో ద్అన్యోలో అనే ఇద్దరు వాస్తుశిల్పులు తమ సొంత ముద్ర కోసం తాపత్రయపడకుండా బ్రూనెల్లెస్కి వరుసనే అనుసరించారు. వారు అలా తగ్గి ఉండకపోతే ఆశ్రమం ఒక మంచి భవనంగా మిగిలేదేమో గాని, ఆ చౌకు మాత్రం ఏర్పడేది కాదు. అక్కడి నుంచి వెనక్కి తిరిగితే, వచ్చిన వీధి చివర కేథడ్రల్ గుమ్మటం కనిపిస్తుంది.

ఆ గుమ్మటం గురించి మన మేస్త్రీలకు చెప్పినా వెంటనే అర్థమయ్యే విషయం ఒకటుంది. లోపల దాదాపు 45 మీటర్ల వెడల్పున్న ఎనిమిది పలకల గుమ్మటాన్ని, నేల నుంచి లేపిన సెంట్రింగ్, అంటే తాత్కాలిక ఆధారపు చట్రం, లేకుండా, 1420 నుంచి 1436 వరకు ఇటుక మీద ఇటుక పేర్చి మూశారు. లోపలి పెంకు, బయటి పెంకు అని రెండు పెంకులుంటాయి. వాటి మధ్యగా సాగే 463 మెట్లు ఎక్కేటప్పుడు, చేపముల్లు వరుసలో అడ్డంగా, నిలువుగా పేర్చిన ఇటుకలు కొన్నిచోట్ల చేతికి అందేంత దగ్గరలో ఉంటాయి. తడి సున్నంలో ఉన్న వరుస జారిపోకుండా నిలువు ఇటుకలు ఎలా పట్టి ఉంచాయో అక్కడే బోధపడుతుంది. సెక్షన్, అంటే కట్టడాన్ని నిలువుగా కోసినట్టు చూపే చిత్రం, గీయడం కష్టంగా తోచే విద్యార్థికి, సెక్షన్ లోపల నడిచే అవకాశం ఇంత సూటిగా ఇచ్చే కట్టడాలు అరుదు.

సూత్రం నేర్పిన నగరమే దాన్ని ఉల్లంఘించడం కూడా చూపుతుంది. సాన్ లొరెంజో చర్చిలో తెల్లని గోడల మీద బూడిదరంగు రాతితో బ్రూనెల్లెస్కి గీసిన ప్రశాంతమైన లెక్కను చూసి, అదే ప్రాంగణంలోని లౌరెంజియన్ గ్రంథాలయపు ముఖశాలలోకి అడుగుపెడితే, నూరేళ్ళ తరువాత మైకెలాంజెలో ఆ లెక్కను ఏం చేశాడో తెలుస్తుంది. స్తంభాలు గోడ ముందు నిలబడకుండా గోడలోకి కూరుకుపోయి ఉంటాయి, వాటి కింది రాతి బ్రాకెట్లు ఏ బరువునూ మోస్తున్నట్టు ఉండవు. ఒక చోటు నుంచి రెండో చోటుకు నడక కొద్ది నిమిషాలే కనుక మొదటిది మనసులో చెదరకముందే రెండోదాన్ని చూడగలం.

ఇంత మెచ్చుకున్నాక లోపాలు కూడా చెప్పాలి. ఫ్లోరెన్స్ ఇరుకు నగరం. మధ్యాహ్నం వేళ పేవ్‌మెంటు మీద ఆగి స్కెచ్ వేయడం దాదాపు అసాధ్యం. ముఖ్యమైన చర్చిలలో చాలావాటికి ప్రవేశ రుసుము ఉంది, గుమ్మటం ఎక్కాలంటే ముందుగా సమయం ఖాయం చేసుకోవాలి. అంతా పాతదేనని నమ్మి నడిచేవారు మోసపోతారు కూడా. కేథడ్రల్ ముఖభాగం 19వ శతాబ్దపుది. రిపబ్లికా చౌకు పాత బజారును, యూదుల పేటను కూల్చి చేసినది. పొంతె వెక్కియో వంతెన రెండు కొసల్లోని వీధులు 1944లో వెనుదిరిగిన జర్మన్ సైన్యం పేల్చివేశాక తిరిగి కట్టినవి. ఈ సంగతులు తెలిసి నడిస్తే ఇదీ ఒక పాఠమే గాని, నగరం తనంతట తానుగా చెప్పదు.

రోమ్ ఇందుకు పూర్తిగా భిన్నం. అక్కడ కాలం పక్కపక్కన ఉండదు, ఒకదానిపై ఒకటి పేరుకుని ఉంటుంది. నవోనా చౌకు పొడవాటి ఆకారం దొమీషియన్ చక్రవర్తి కట్టించిన క్రీడా మైదానానిది. చుట్టూ ఉన్న ఇళ్ళు ప్రేక్షకుల మెట్ల పునాదుల మీద లేచాయి. కాంపో దె ఫియోరి దగ్గర గ్రొత్తా పింతా వీధి ఎందుకు వంపు తిరిగిందంటే, రోమన్ సేనాని పాంపే కట్టించిన క్రీ.పూ. 55 నాటి నాటకశాల గోడ అక్కడ వంపు తిరిగింది కనుక. కట్టడం పోయినా దాని ప్లాన్ రెండు వేల ఏళ్ళు బతికి ఉండడం చూస్తే, ప్లాన్ అనే గీతకు ఎంత ఆయుష్షు ఉందో విద్యార్థికి తెలుస్తుంది. సాన్ క్లెమెంతే చర్చిలో ఇదే సంగతి నిలువుగా కనబడుతుంది. పైన 12వ శతాబ్దపు చర్చి, దాని కింద 4వ శతాబ్దపు చర్చి, ఇంకా కింద మొదటి శతాబ్దపు కట్టడాలు, వాటిలో మిత్ర దేవుడి గుడి. అట్టడుగు అంతస్తులో నీరు పారే చప్పుడు కూడా వినిపిస్తుంది.

రోమ్‌లో నడిచేవారికి జాంబత్తిస్తా నోల్లి 1748లో ప్రచురించిన పటం కన్నా మంచి తోడు లేదు. పన్నెండు రాగి రేకుల మీద చెక్కిన ఆ పటంలో ప్రైవేటు ఇళ్ళు నల్లని గీతలతో నిండి ఉంటాయి. వీధులతో పాటు చర్చిల లోపలి భాగాలు, ప్రాచీన రోమన్ దేవాలయమైన పాంథియాన్ లోపలి వృత్తం, భవనాల వసారాలు అన్నీ తెల్లగా ఉంటాయి. జనం ప్రవేశించగల చోటంతా నగరమేనన్న ఆలోచన అందులో ఉంది. ఆ పటం ప్రతిని చేతబట్టి నడిస్తే, ఇప్పుడు లేనివి కూడా లెక్కకు వస్తాయి. 1870 వరద తరువాత టైబర్ ఒడ్డున లేచిన కరకట్టలు రిపెత్తా రేవు మెట్లను మింగేశాయి. 1936లో మొదలైన కూల్చివేతలు సెయింట్ పీటర్స్ ముందున్న ఇళ్ళ వరుసను తీసేసి విశాలమైన రోడ్డు వేశాయి. ఇరుకు సందులోంచి 17వ శతాబ్దపు వాస్తుశిల్పి బెర్నీని కట్టిన స్తంభాల వలయంలోకి ఒక్కసారిగా అడుగుపెట్టే అనుభవం దానితో పోయింది. అది నష్టమేనని నా అభిప్రాయం.

పోల్చి చూడడానికి రోమ్‌లో ఒకే ఒక్క నడక ఎంచుకోమంటే, క్విరినాలే వీధిని ఎంచుకోవాలి. బొర్రోమీని కట్టిన సాన్ కార్లో, బెర్నీని కట్టిన సాంత్ ఆంద్రేయా అక్కడ రెండు మూడు నిమిషాల దూరంలో ఉన్నాయి. రెండూ 17వ శతాబ్దపువే, రెండూ చిన్నవే, రెండింటిదీ అండాకారపు గుమ్మటమే. బొర్రోమీని అండం గుమ్మం నుంచి పీఠం వైపు పొడవుగా సాగుతుంది, గోడలు అలల్లా ముందుకు వెనక్కు కదులుతాయి, లోపల ఉన్నదంతా తెల్లని గచ్చు. బెర్నీని అండాన్ని అడ్డంగా తిప్పాడు. లోపలికి రాగానే పీఠం దగ్గరగా కనిపిస్తుంది, పక్కలకు పోబోయే చూపును రాతి దిమ్మెలు ఆపి మళ్ళీ ముందుకే పంపుతాయి, చుట్టూ రంగురంగుల పాలరాయి. ఒకే సమస్యకు రెండు జవాబులు ఇంత దగ్గరలో దొరకడం ఏ నగరంలోనైనా అపురూపం. సాన్ కార్లో ఉన్న కూడలిలో నిలబడితే మూడు దిక్కుల చివర రాతి స్తంభాలు, నాలుగో దిక్కున మైకెలాంజెలో రూపొందించిన పోర్తా పియా ద్వారం కనిపిస్తాయి. ఆ కూడలిలో ఒక వీధిని పోప్ ఐదవ సిక్స్టస్ 1585 నుంచి 1590 వరకు సాగిన తన పాలనలో వేయించాడు. ఆ మరుసటి ఏడాది, 1591లో, చార్మినార్‌ను నడిమధ్య నిలిపి నాలుగు దిక్కులకూ వీధులు సాగిన హైదరాబాదును ఎరిగిన విద్యార్థికి ఆ కూడలి బొత్తిగా పరాయిదిగా తోచదు.

ఖర్చు విషయంలో రోమ్‌దే పైచేయి. పాంథియాన్‌కు 2023 నుంచి రుసుము పెట్టినా, చర్చిలలో అత్యధిక భాగం ఉచితం. మంచినీటి కుళాయిలు వీధి వీధికీ ఉన్నాయి. కాని చాలా చర్చిలు మధ్యాహ్నం మూసివేస్తారు కనుక, లోపలి భాగాలు ఉదయం, వీధులు మధ్యాహ్నం అన్న క్రమం తప్పనిసరి.

ముందు రోమే చూడాలని వాదించేవారి మాటలో న్యాయం లేకపోలేదు. బ్రూనెల్లెస్కి సైతం రోమ్ శిథిలాలను కొలిచి నేర్చుకున్నాడని అతని తొలి జీవితచరిత్ర చెబుతుంది. 43 మీటర్ల పైచిలుకు వెడల్పున్న పాంథియాన్‌ను చూడకుండా ఫ్లోరెన్స్ గుమ్మటం ఘనత తెలియదన్నదీ నిజమే. అయితే చరిత్ర నడిచిన క్రమంలోనే విద్యార్థి నేర్చుకోవాలన్న నియమం లేదు. అతనికి ముందు కావలసింది ఒక్క సూత్రం, దాన్ని చేత్తో కొలిచే వీలు, తరువాత దాని ఉల్లంఘన. ఈ మూడూ ఫ్లోరెన్స్‌లో పావుగంట నడకలో దొరుకుతాయి. ప్లాన్, సెక్షన్ చదవడం ఇంకా అలవాటు కాని మొదటి, రెండో సంవత్సరాల విద్యార్థికి రోమ్ ఒక పేర్ల జాబితాగా మారే ప్రమాదం ఎక్కువ. రోజుకు పన్నెండు కట్టడాలు చూస్తాడు, ఒక్కటీ గీయడు. కనుక వారికి ఫ్లోరెన్స్ మేలు. మూడో సంవత్సరం దాటి, పట్టణ రూపకల్పన వైపు మొగ్గేవారికి మాత్రం నిస్సంకోచంగా రోమ్‌నే చెబుతాను. కట్టడాల మధ్య ఖాళీని గీయడం నేర్చుకోవడానికి అంతకన్నా మంచి నగరం నాకు తోచదు.

వారం రోజులను రెండింటికీ పంచుకోక తప్పనివారు ఫ్లోరెన్స్‌కు నాలుగు రోజులు ఇచ్చి, గంటన్నర రైలు ప్రయాణం తరువాత రోమ్‌కు మూడు రోజులు మిగుల్చుకోవచ్చు. అలా చేసేవారు రోమ్‌లో తొలి ఉదయం పాంథియాన్ క్యూలో నిలబడేకన్నా సాన్ క్లెమెంతే నేలమాళిగలోకి దిగి, మెట్టు మెట్టుకూ నేలమట్టం మారే తీరును సెక్షన్‌గా గీసుకోవడం మంచిది. మిగిలిన రెండు రోజులూ నగరంలో ఎక్కడికి వెళ్ళినా కాళ్ళ కింద ఏముందో అడగడం అలవాటవుతుంది.