ఖాళీ ప్లాటులో గోడ బొమ్మలా, కథల సాయంత్రాలా?

కాలనీలో చెత్తకుప్పగా మారిన ఖాళీ స్థలాన్ని బాగుచేద్దామని కూర్చున్న ప్రతిచోటా ఈ ప్రశ్న వస్తుంది.

ఖర్చు: బొమ్మలకు ప్రైమర్, బయటి గోడల రంగులు, పరంజా అన్నీ ఒకేసారి కావాలి. కథలకు చాపలు, ఒక లైటు చాలు, కానీ కళాకారులకు ప్రతిసారీ ఇవ్వాలి. బుర్రకథకైతే తంబురాతో కథకుడు, గుమ్మెటలతో ఇద్దరు వంతలు.

శ్రమ: గోడను ముందు అరచేత్తో రుద్ది చూడండి. తెల్లటి ఉప్పుపొడి అంటుకుంటే లోపల చెమ్మ ఉన్నట్టే. దాని సంగతి చూడకుండా రంగులేస్తే పెచ్చులూడిపోతాయి, పిల్లలు వేసిన బొమ్మ అలా రాలిపోతుంటే చూడలేం. కథలకు శ్రమంతా ఇంటింటికీ వెళ్లి పిలవడమే.

రిస్క్: ఓనరు ఇల్లు మొదలుపెడితే బొమ్మ పోతుంది. కథ పక్క వీధికి మారుతుంది.

అమెరికాలోని ఫిలడెల్ఫియాలో 1986లో లిలీ యే అనే చిత్రకారిణి ఇలాంటి పాడుబడ్డ స్థలంలోనే, ఆ చుట్టుపక్కల పిల్లలను కలుపుకుని పని మొదలుపెట్టారు. ఆ కలుపుకోవడమే నాకు అన్నిటికన్నా ముఖ్యం.

గోడ గట్టిగా ఉండి, ఓనరు రాతపూర్వకంగా ఒప్పుకుంటే బొమ్మలు వేయండి. స్థలం ఎన్నాళ్లుంటుందో తెలియకపోతే, వీధిలో పెద్దవాళ్లు ఎక్కువుంటే కథలు పెట్టుకోండి. రెండూ కావాలంటే చేర్యాల పటం ఉంది: బొమ్మ చూపిస్తూ కథ చెప్పి, చుట్టేసి తీసుకెళ్లొచ్చు.