వేరియబుల్ ఎన్‌డీ ఫిల్టర్, మూడేళ్ల తర్వాత

లెన్స్ ముందు బిగించి, రింగు తిప్పి వెలుతురు తగ్గించుకునే అద్దం ఇది. దీని డబ్బా మీద రాసిన అంకె నమ్మి, నాగార్జునసాగర్ గేట్లు ఎత్తిన రోజు తీసిన ఫొటోలన్నీ పోగొట్టుకున్నాను. ఆ బాధ ఇంకా పోలేదు. అయినా నా బ్యాగులో ఇప్పటికీ ఉన్నది ఇదే ఫిల్టర్.

కొన్న కారణం ఒక్కటే. మిట్టమధ్యాహ్నం ఎండలో ఐఎస్ఓ (కెమెరా వెలుతురును పట్టే చురుకు) 100, లెన్స్ రంధ్రం ఎఫ్ 11 పెడితే షట్టర్ స్పీడ్ 1/200 సెకను దగ్గరే ఆగిపోతుంది. ఇంకా నిదానం చేస్తే ఫొటో తెల్లగా మాడిపోతుంది. 1/200లో గేటు నీళ్లు పారుతున్నట్టు ఉండవు, గులకరాళ్లు గుమ్మరించినట్టు ఉంటాయి. ఆ పరుగు గీతలుగా పడాలంటే షట్టర్ ఎక్కువసేపు తెరిచి ఉండాలి, అంటే లోపలికొచ్చే వెలుతురు తగ్గాలి. రింగు తిప్పితే 2 రెట్ల నుంచి 400 రెట్ల దాకా తగ్గుతుందని డబ్బా మీద ఉంది. నల్లగొండ దగ్గరి పానగల్ ఉదయ సముద్రం చెరువు ఒడ్డున జూమ్ చేసి చిన్న అలల మీద చూశాను, బ్రహ్మాండంగా వచ్చింది. తెలిసిన ప్రతి ఒక్కరికీ కొనమని చెప్పాను.

ఆ ఆగస్టులోనే సాగర్ గేట్లు ఎత్తారు. మా బామ్మర్దిని బండెక్కించుకుని నల్లగొండ నుంచి బయల్దేరాను. డ్యామ్ కింది వంతెన మీద ట్రైపాడ్ వేశాను. 26 గేట్లూ ఒక్క ఫ్రేములో పట్టాలని లెన్స్ బాగా వెడల్పుగా, 18 ఎంఎంకి తెచ్చి, రింగు దాదాపు చివరిదాకా తిప్పి, షట్టర్ 1 సెకనుకు పెట్టాను. ఎండకు వెనక స్క్రీన్ సరిగా కనబడలేదు. తుంపర లెన్స్ మీద పడుతుంటే తుడుచుకుంటూ రెండు గంటలు తీశాను.

ఇంటికొచ్చి కంప్యూటర్‌లో తెరిస్తే మా బామ్మర్దే ముందు చూశాడు. "బావా, నీళ్ల మీద నల్లగా ఇదేంది?" అన్నాడు. ప్రతి ఫొటోలో ఒక మూల నుంచి ఇంకో మూలకు పొగచూరినట్టు పెద్ద ఇంటూ గుర్తు. ఫిల్టర్ లోపల రెండు పోలరైజర్ అద్దాలు, అంటే ఒక దిశలో కంపించే వెలుతురునే వదిలేవి, ఉంటాయి. ఒకదాని మీద ఒకటి తిరిగేకొద్దీ వెలుతురు ఆగుతుంది. చివరిదాకా తిప్పి, పైగా వెడల్పు లెన్స్ వాడితే, అంచుల నుంచి ఏటవాలుగా వచ్చే వెలుతురు అన్నిచోట్లా ఒకేలా ఆగదు. ఆ తేడానే ఇంటూ గుర్తుగా పడుతుంది. డబ్బా మీది 400 నా లెన్స్‌కు పనికొచ్చే అంకె కాదు.

ఇంకో సంగతి కూడా అప్పుడే బయటపడింది. కొన్ని ఫొటోల్లో గేట్ల స్తంభాలు కూడా చెదిరాయి. లారీ వెళ్లినప్పుడల్లా వంతెన సన్నగా వణుకుతుంది. 1 సెకను తెరిచి ఉంచితే ఆ వణుకంతా ఫొటోలోకి ఎక్కుతుంది. కదిలేది నీళ్లొక్కటే కావాలి, రాయి కదలకూడదు.

రెండు రోజులకే మళ్లీ వెళ్లాను. ఈసారి కాస్త జూమ్ చేసి 50 ఎంఎం, రెండు మూడు గేట్లే, రింగు 32 రెట్ల దగ్గర. షట్టర్ 1/6 సెకను. లారీ దాటిపోయాక నొక్కాను. అప్పుడు తెలిసింది, గేటు నీళ్లకు 1 సెకను అసలు అక్కర్లేదని. 1 సెకనులో నీళ్లు జిన్నింగ్ మిల్లులో పత్తి కుప్పలా మెత్తబడిపోతాయి, బలం పోతుంది. 1/6లో తెల్లటి పాయ పాయ విడిగా లాగినట్టు కనబడింది. కింద కొట్టుకునే చోట నురుగు చిమ్మడం కూడా ఉంది. ఆ ఫొటో మా ఇంటి గోడ మీద ఉంది.

సద్దుల బతుకమ్మ నాటికి చేయి తిరిగింది. సందె వేళ కాబట్టి ఫిల్టర్ తీసేసి, 1/4 సెకనులో తీశాను. నడుమ పేర్చిన బతుకమ్మ పువ్వు పువ్వు స్పష్టంగా, చుట్టూ ఆడేవాళ్ల చీరలు రంగుల వలయంగా. పక్కింటి అక్క చూసి "నా మొకమేది తమ్మీ?" అంది. ఆమెకు 1/250లో ఇంకోటి తీసిచ్చాను.

కాబట్టి అప్పట్లో "కొనండి" అని నేను చెప్పినవాళ్లందరికీ ఇప్పుడు చెప్పేది వేరు. రంగు కాస్త పసుపుకు తిరుగుతుంది, సరిచేసుకోవాలి. వెడల్పు లెన్స్‌తోనే తీసేవాళ్లకు రింగు లేని మామూలు ఎన్‌డీ అద్దం మేలు. నేను ఏడాదికి రెండుసార్లు సాగర్ వెళ్తాను, జూమ్ చేసి తీస్తాను, నాకు సరిపోతోంది. రింగు ఈ మధ్య వదులైంది. 32 దగ్గర చిన్న టేపు ముక్క అంటించి వాడుతున్నాను.