రోజూ బైబిల్ చదివించే యాప్: ఏడాది వాడాక మూడు స్టార్లు

ఈ యాప్ పేరు రాయను. ఇలాంటివి బోలెడున్నాయి, లోపల వ్యవహారం ఇంచుమించు ఒక్కటే, మీ ఫోన్‌లో ఉన్నది ఏదైనా ఇది దాని గురించే అనుకుని చదువుకోవచ్చు. రోజుకి ఇన్ని అధ్యాయాలని ఇస్తుంది, చదివితే టిక్కు పడుతుంది, వరసగా ఎన్ని రోజులు చదివామో ఆ లెక్క పైన మంట బొమ్మ పక్కన కనబడుతుంది. దాన్ని స్ట్రీక్ అంటారు. ఒక్క రోజు తప్పితే మళ్లీ సున్నా.

నేనెందుకు వేసుకున్నానంటే, బాప్తిస్మం తీసుకుని పదిహేనేళ్లయినా బైబిల్ మొత్తం ఒక్కసారి కూడా పూర్తిచేయలేదు. ప్రతి జనవరిలో ఆదికాండం హుషారుగా మొదలుపెట్టడం, నిర్గమకాండం సగం దాకా లాక్కురావడం, లేవీయకాండంలో బండి ఆగిపోవడం. మొత్తం 1189 అధ్యాయాలు, లెక్కేస్తే రోజుకి మూడు చిల్లర, అంతకంటే ఏం లేదు. అయినా అవలేదు. ఎవరైనా వెనకుండి తోస్తే తప్ప నేను కదలను అని తెలిసి వేసుకున్నా.

మంచి సంగతులు గబగబా చెప్పేస్తా. ఆడియో బాగుంది, నిదానంగా చదువుతారు, వెనకాల ఏడుపు సంగీతం లేదు. నెట్ లేకపోయినా పనిచేస్తుంది. వెతుకులాట వేగంగా ఉంటుంది. నోట్స్ రాసుకునే చోటు మాత్రం అగ్గిపెట్టంత, పైగా ఒకసారి అప్‌డేట్ చేస్తే రెండు నెలల నోట్స్ ఎగిరిపోయాయి. కాగితం మీద రాసుకోండి, నా మాట వినండి.

ఇక ప్లాన్. చాలా ఉన్నాయి కానీ నేను పట్టుకున్నది మెక్‌షెయిన్ ప్లాన్. స్కాట్లండ్‌లో డండీ అనే ఊళ్లో పాస్టర్‌గా ఉన్న రాబర్ట్ ముర్రే మెక్‌షెయిన్ 1842లో తన సంఘం కోసం తయారుచేసింది ఇది. రోజుకి నాలుగు అధ్యాయాలు, నాలుగు చోట్ల నుంచి. మొదటి రోజే ఆదికాండం 1, ఎజ్రా 1, మత్తయి 1, అపొస్తలుల కార్యములు 1, అంటే నాలుగు మొదళ్లు ఒకేసారి. ఏడాదిలో పాత నిబంధన ఒకసారి, కొత్త నిబంధనా కీర్తనలూ రెండేసి సార్లు అయిపోతాయి. నాకు ఇది నిజంగా నచ్చింది. ఒకచోట వంశావళి సాగుతున్నా ఇంకోచోట కథ నడుస్తుంటుంది కాబట్టి విసుగు రాదు. లేవీయకాండం దాటేశాను, జీవితంలో మొదటిసారి. ఆ రోజు మంట బొమ్మ చూసి మురిసిపోయిన మాట నిజం.

అసలు గొడవ అక్కడే మొదలైంది, నేనే చూసుకోలేదు.

యాప్‌లో స్నేహితుల జాబితా ఒకటుంటుంది, ఎవరి స్ట్రీక్ ఎంతో అందరికీ కనబడుతుంది. మా సంఘంలో ఒక అక్క నాలుగు వందలు దాటి ఉంది. ప్రార్థనలో నా పేరెత్తి కన్నీళ్లు పెట్టుకునే మనిషి ఆవిడ. అలాంటి ఆవిడ లెక్క ఏ రోజైనా తెగుతుందేమోనని నేను పొద్దున్నే లేచి చూసేవాణ్ణి. బైబిల్ చదవడానికి ముందు ఆవిడ నంబరు చూడటం! యోహాను సువార్త చివర్లో పేతురు కూడా ఇంతే, తన సంగతి తేలిపోయింది కదా, వెనక్కి తిరిగి యోహానుని చూసి మరి ఇతని సంగతేంటి ప్రభువా అంటాడు, నీకెందుకయ్యా అది, నువ్వు నా వెంట రా అని యేసు జవాబు. అది చదివిన రోజు కూడా టిక్కు కొట్టి ఆ జాబితానే తెరిచాను.

తర్వాత నాలుగో నెల చివర్లో అమ్మకి ఆపరేషన్. రాత్రి వార్డు బయట కుర్చీలో కూర్చుని ఉన్నా, పదకొండు నలభై అయింది, ఫోన్ గుర్రుమంది. ఇంకా ఇరవై నిమిషాలే, నీ మంట ఆరిపోతోంది అని. అప్పటికి 119 రోజులు. తెరిచి చూస్తే ఆ రోజు సంఖ్యాకాండం 7, మొత్తం 89 వచనాలు. చదివినవాళ్లకి తెలుసు, బలిపీఠం ప్రతిష్ఠకి పన్నెండు గోత్రాల ప్రధానులు రోజుకొకరు చొప్పున అర్పణలు తెస్తారు, అందరూ తెచ్చింది అదే, అక్షరం పొల్లుపోకుండా. నేను చదవలేదు. బొటనవేలితో కిందికి తోశాను. మిగతా మూడూ అలాగే తోశాను. టిక్కు పడింది, రంగుకాగితాలు ఎగిరాయి, టింగుమని గట్టిగా సౌండు. సైలెంట్‌లో పెట్టడం మర్చిపోయా. పక్క కుర్చీలో కునుకు తీస్తున్న పెద్దాయన ఉలిక్కిపడి లేచి నా వంక చూశాడు.

పొద్దున అమ్మకి మెలకువొచ్చింది. "రాత్రి వాక్యం చదువుకున్నావురా?" అంది.

"చదివానమ్మా."

"ఏం చదివావు?"

ఏదో... బలుల గురించి అన్నాను. అమ్మ ఒక్క క్షణం నా మొహం చూసి, "సరేలే, నిద్రపోయావా అసలు?" అంది. ఇంకేం అడగలేదు.

రెండు రోజుల తర్వాత ఫోన్ చార్జింగ్ అయిపోయి లెక్క తెగింది. అది అమ్మ డిశ్చార్జి అయిన రోజు. అందరం దేవునికి స్తోత్రం అని ఇంటికొచ్చాం, రాత్రి ఫోన్ చార్జింగ్‌లో పెట్టి తెరిస్తే సున్నా. చెప్పడానికి సిగ్గుగా ఉంది కానీ ఇంత నిజం చెప్పకపోతే రివ్యూ ఎందుకు, ఆ రాత్రి నేను నిద్రపోకుండా బాధపడింది ఆ సున్నా చూసి. సపోర్ట్‌కి మెయిల్ కూడా పెట్టాను, హాస్పిటల్‌లో ఉన్నామండీ, కాస్త సరిచేయండి అని. మర్యాదగానే జవాబిచ్చారు, ప్రీమియం తీసుకుంటే స్ట్రీక్ రక్షణ ఉంటుందట, నెలకి రెండు రోజులు తప్పినా లెక్క తెగదట. అంటే కృప కూడా ప్రీమియంలోనే.

కోపమొచ్చి తీసేశాను.

ఇక్కడ ఆపేస్తే ఈ రివ్యూ ఒక్క స్టార్‌తో అయిపోయేది, మీరూ లైక్ కొట్టి వెళ్లిపోయేవారు. కానీ తర్వాత జరిగింది కూడా చెప్పాలి. యాప్ తీసేశాక తొమ్మిది వారాలు బైబిల్ ముట్టుకోలేదు. ఎవరైనా అడిగితే నా దగ్గర మంచి జవాబు రెడీగా ఉండేది: నేనిప్పుడు క్రియల మీద కాదు, కృప మీద ఆనుకుంటున్నా, ఉన్నదాంతో తృప్తిగా ఉన్నా. వినడానికి ఎంత బాగుందో చూడండి. నిజానికి అది వట్టి బద్ధకం, తృప్తి అని బోర్డు పెట్టుకుంది. ఎలా తెలిసిందంటే, ఆఫీసులో నాకంటే చిన్నవాడైన ఒకతన్ని పదిమందిలో తీసిపారేసినట్టు మాట్లాడాను, అతని మొహం మాడిపోయింది, నేను సీట్లోకొచ్చి హాయిగా టీ తాగాను. ఇంతకుముందైతే అలాంటి మాట అన్నాక సాయంత్రానికైనా లోపల ముల్లులా గుచ్చేది, వెళ్లి సారీ చెప్పేదాకా ఊరుకోనిచ్చేది కాదు. ఈసారి ఏమీ గుచ్చలేదు. వారం తర్వాత ఎందుకో గుర్తొచ్చి, గుచ్చలేదేంటి అని భయమేసింది.

అప్పుడు పౌలు జైల్లోంచి ఫిలిప్పీయులకు రాసిన పత్రిక తీశాను. నాలుగే అధ్యాయాలు, కూర్చుంటే అరగంట పని. ఏ స్థితిలో ఉన్నా సంతృప్తిగా ఉండటం నేర్చుకున్నాను అన్న మాట మనందరికీ కంఠతా వచ్చు, క్యాలెండర్ల మీద ఉంటుంది. అది నాలుగో అధ్యాయం. దానికి ముందు అధ్యాయంలోనే అదే మనిషి, అదే జైల్లో కూర్చుని, నేనింకా గెలిచేశానని అనుకోవట్లేదు, గురివైపు పరుగెత్తుతున్నాను అంటాడు. ఒకే ఉత్తరం. మధ్యలో మనసు మార్చుకున్నట్టు ఎక్కడా లేదు. నేనేమో ఈ రెంటినీ రెండు పార్టీలు చేసుకున్నా, యాప్ ఉన్నన్నాళ్లు మూడో అధ్యాయం పార్టీ, తీసేశాక నాలుగో అధ్యాయం పార్టీ.

ఇంకో మాట. నేర్చుకున్నాను అంటాడు. అంటే పౌలుకి కూడా అది పుట్టుకతో రాలేదు, కలిగినప్పుడూ కొదువైనప్పుడూ దెబ్బలు తింటూ నేర్చుకున్నాడు. తృప్తి కూడా సాధన చేయాల్సిన వాటిలో ఒకటైతే, ఇక పరుగుకీ దానికీ పోట్లాట ఎక్కడిది? నాకొచ్చిన తేడా ఏంటంటే, నేను రోజూ రాత్రి టిక్కు పడ్డాక తృప్తి పడేవాణ్ణి, అది కూలి లాంటిది, పని చేశాం కాబట్టి వచ్చింది, చేయని రోజు రాదు. ఆయనది ఆ బాపతు కాదు. క్రీస్తు తనని ముందే పట్టుకున్నాడు కాబట్టే తను పరుగెత్తుతున్నానని ఆ పేజీలోనే చెప్తాడు. మూడో అధ్యాయం 16వ వచనం మీద ప్రసంగం నేనెప్పుడూ వినలేదు, ఇప్పటిదాకా మనకి దొరికినదాన్ని బట్టే క్రమంగా నడుచుకుందాం అని. నాకైతే అది రోజూ కావాల్సిన మాట.

ఆ ఊపులోనే సంఖ్యాకాండం 7 మళ్లీ తీశాను, ఈసారి కాగితం బైబిల్లో, అమ్మకి వినబడేలా. ఇరవై నిమిషాలు పైనే పట్టింది. మొదటి రోజు యూదా గోత్రం నయస్సోను. నూట ముప్పై తులాల వెండి గిన్నె, డెబ్భై తులాల ప్రోక్షణపాత్ర, పది తులాల బంగారు ధూపార్తి, తర్వాత కోడె, పొట్టేలు, గొర్రెపిల్ల. రెండో రోజు నెతనేలు, మళ్లీ అదే గిన్నె, అదే పాత్ర. నాలుగో మనిషి దగ్గర నాకు నవ్వొచ్చింది, పైన చెప్పినట్టే అని ఒక్క ముక్క రాస్తే అయిపోయేది కదా అని. ఏడో మనిషి దగ్గరికొచ్చేసరికి నవ్వు పోయింది. పన్నెండో రోజు వచ్చిన అహీరకి కూడా అన్ని వాక్యాలూ ఉన్నాయి, ఒక్క తులం దగ్గర కూడా కుదించలేదు. ముందొచ్చినవాడు ఫస్టు, చివరొచ్చినవాడు లాస్టు అని ఎక్కడా లేదు. ఆ రాత్రి హాస్పిటల్లో నేను బొటనవేలితో తోసేసింది ఇదీ.

యాప్ మీద నా అసలు ఫిర్యాదు ఇప్పుడు చెప్తాను. మెక్‌షెయిన్ గురించి వెతుకుతుంటే, ఆ ప్లాన్‌కి ఆయన ముందుమాట కూడా రాశాడని తెలిసింది. లాభాలు చెప్పడానికి ముందు ప్రమాదాలు చెప్పాడు: ఇది మొక్కుబడి అయిపోవచ్చు, చదివేశాం కదా అని గర్వం రావచ్చు, అజాగ్రత్తగా చదవొచ్చు, కొంతమందికి మోయలేని కాడి కావచ్చు. నాలుగూ నాకే రాసినట్టున్నాయి. అంతేకాదు, ఎవరికైనా ఇది బరువనిపిస్తే ఆ సంకెల తీసి పక్కన పడేసి దేవుని తోటలో స్వేచ్ఛగా మేయండి, మీకు ఉచ్చు వేయడం నా కోరిక కాదు అన్న భావంతో రాశాడు. ఆ మరుసటి ఏడే, 29 ఏళ్లకే ఆయన చనిపోయాడు. మన యాప్‌వాళ్లు ప్లాన్‌ని తేదీలతో సహా తెచ్చుకున్నారు, ఈ నాలుగు హెచ్చరికలూ వదిలేశారు, ఆ జాగాలో మంట బొమ్మ పెట్టారు. ఒక పేజీ పట్టేది అంతే. ఒక స్టార్ దానికే కట్.

ఇంకో స్టార్ కట్ ఎందుకంటే స్ట్రీక్‌ని దాచేసే సెట్టింగ్ లేదు. నోటిఫికేషన్లు ఆపుకోవచ్చు, స్నేహితుల జాబితా తీసేయొచ్చు, ఆ నంబరు మాత్రం పైన అలాగే కూర్చుని ఉంటుంది.

అవును, మళ్లీ వేసుకున్నా. యాప్ లేకపోతే నేను చదవను అన్నది కూడా నా గురించి నిజమే కదా, దాన్ని ఒప్పుకోవడానికి నాకిప్పుడు పెద్ద నామోషీ లేదు. రోజుకి నాలుగు కాదు రెండే, రెండేళ్లలో పూర్తయ్యేలా. పద్నాలుగు రోజులు వెనకబడ్డారు అని ఎర్రగా వస్తుంది చూడండి, అది పోవాలంటే సెట్టింగుల్లో బాగా లోపల ప్లాన్ తేదీ మార్చుకునే వీలుంది, దొరకడానికి నాకే నెల పట్టింది. కొత్తగా నమ్ముకున్నవాళ్లకి, నాలా తోస్తే తప్ప కదలనివాళ్లకి పనికొస్తుంది. ఇప్పటికే ప్రతిదానికీ టెన్షన్ పడే మనిషైతే, నేను దేవునికి చాలట్లేదు అని రోజూ కుమిలిపోయేవాళ్లైతే మాత్రం వద్దు. కాగితం బైబిల్లో దారం పెట్టుకుని చదువుకోండి, ఆ దారం ఎవర్నీ లెక్క అడగదు.

ఆఫీసులో అతనికి సారీ చెప్పాను, ఆలస్యంగానే. అతను మర్చిపోలేదు.

నిన్న రాత్రి కీర్తన 131 వచ్చింది. మూడే వచనాలు, పాలు మాన్పించిన బిడ్డ తల్లి దగ్గర ఊరికే ఉన్నట్టు అని ఉంటుంది అందులో. అమ్మ ఇంకోసారి చదవమంది, తర్వాత ఇంకోసారి. రెండో అధ్యాయం మిగిలిపోయింది. ప్రస్తుతానికి స్ట్రీక్ సున్నా.