సెన్సరీ రూమ్ పేరుతో 1,20,000 రూపాయలు తీసుకున్నారు, దయచేసి వాళ్లకు అడ్వాన్స్ ఇవ్వకండి

రాత్రి పదకొండు దాటింది, బాబు ఇప్పుడే పడుకున్నాడు, నా చేతులు ఇంకా వణుకుతున్నాయి. రాతలో తప్పులుంటే సర్దుకొని చదవండి. హన్మకొండలో థెరపీకి తిరిగే అమ్మానాన్నలకు వాళ్లెవరో చెప్పక్కర్లేదు. నీళ్లలో బుడగలు లేచే నీలం రంగు బబుల్ ట్యూబ్ పక్కన పిల్లాడు నవ్వుతూ కూర్చున్న రీల్ పెట్టి, "పది రోజుల్లో మీ ఇంట్లోనే ప్రశాంతమైన గది" అని హైదరాబాద్ నుంచి వస్తారే, వాళ్లే. సెన్సరీ రూమ్ అంటే వెలుగు, శబ్దం, స్పర్శ పిల్లాడికి సరిపడేలా అమర్చిన గది.

మా బాబుకు ఏడేళ్లు, ఆటిజం. మిక్సీ వేస్తే చెవులు మూసుకుంటాడు, ట్యూబ్‌లైట్ కింద కూర్చోడు. పోయినేడు నిమజ్జనం రోజు డీజే మా గల్లీ దాటేదాకా మంచం కిందనే ఉన్నాడు. ఈసారి చవితికల్లా వాడికంటూ ఒక చోటు ఉండాలని చిట్టీ లేపి డబ్బు ఫోన్‌పే చేశాం. కొటేషన్ వాట్సాప్‌లో పంపారు, బిల్లు లేదు.

నిన్న సాయంత్రం ఫిట్టింగ్ అయిపోయింది. "బాబును తీసుకురండి మేడం" అన్నాడు ఫిట్టింగ్‌కు వచ్చిన మనిషి. తీసుకెళ్లాను. తలుపు వేసి అన్నీ ఒకేసారి ఆన్ చేశాడు. గోడ చుట్టూ ఎల్‌ఈడీ పట్టీలు టపటపా రంగులు మారుతున్నాయి, బబుల్ ట్యూబ్ మోటారు గుయ్యిమంటోంది, పైనుంచి స్పీకర్లో పాట, కొత్త ఫోమ్ మ్యాట్ల ప్లాస్టిక్ వాసనకు నాకే తల తిరిగింది. బాబు కెవ్వున అరిచి తల గోడకేసి కొట్టుకోవడం మొదలుపెట్టాడు. ఆపండి ఆపండి అని నేను అరుస్తుంటే, ఆ మనిషి ఫోన్ పైకెత్తి వీడియో తీస్తున్నాడు. వాళ్ల పేజీకి కావాలట. మా ఆయన చేయి అడ్డం పెడితే, "ఫస్ట్ టైమ్ గిట్లనే ఉంటది సార్, అలవాటు చేయండి, మా రూమ్‌లో ఏం తప్పు లేదు, మీ బాబుకే ఎక్కువుంది" అన్నాడు.

మీ బాబుకే ఎక్కువుంది. వాడి ముందే అన్నాడు. వాడికి మాటలు రావు కానీ అన్నీ అర్థమవుతాయి.

లైట్లు ఆపడానికి విడివిడిగా స్విచ్‌లు కూడా లేవు. అన్నిటికీ ఒకటే రిమోట్, అది ఆ మనిషి జేబులో. చివరికి మా ఆయన వెళ్లి మెయిన్ ఆఫ్ చేశాడు.

తప్పు నాది కూడా. మా ఓటీ మేడం (బాబుకు ఆక్యుపేషనల్ థెరపీ చేసే ఆవిడ) ముందే చెప్పింది, గది డ్రాయింగ్ తనకు చూపించాకే ఆర్డర్ ఇవ్వమని. చవితి దగ్గర పడుతోందన్న తొందరలో చూపించలేదు. ఈరోజు ఫొటోలు చూపిస్తే చాలాసేపు ఏం మాట్లాడలేదు. కొందరు పిల్లలు ఊగడం, దూకడం, గట్టిగా హత్తుకోవడం వెతుక్కుంటారు, మన బాబులాంటి వాళ్లు వెలుగుకీ శబ్దానికీ పారిపోతారు, ఇద్దరికీ ఒకే గది ఎలా పెడతారు అంది. ఫిట్స్ ఉన్నాయా అని వాళ్లు అడిగారా అంది. అడగలేదు. కొందరికి ఇలా టపటపా వెలిగే లైట్లతోనే ఫిట్స్ వస్తాయట. వాళ్ల కరపత్రం మీద పెద్దక్షరాలతో స్నూజెలెన్ అని ఉంది. సెన్సరీ గదుల ఆ పద్ధతి 1970లలో నెదర్లాండ్స్‌లో మొదలైంది, పేరులోనే కునుకు తీయడం అన్న అర్థం ఉంది, అక్కడ ఏది ముట్టుకోవాలో ఎంతసేపు ఉండాలో లోపల ఉన్న మనిషిదే ఇష్టం, పక్కనున్నవాళ్లు బలవంతం చేయరు అని మేడమే చెప్పింది. ఆ పేరు రాసుకున్నవాడే మా వాడిని లోపల పెట్టి తలుపు వేశాడు.

ఇంకో సంగతి, ఇది ప్రాణం మీదికొచ్చేది. ఉయ్యాల కొక్కెం స్లాబుకు కాదు, పీఓపీ సీలింగ్‌కు బిగించారు. 22 కిలోల పిల్లాడు ఊగితే కొక్కెం మీద అంతకన్నా ఎక్కువ బరువే పడుతుంది. పిల్లాడు నెమ్మదించాలని మీద కప్పే బరువు దుప్పటి 5 కిలోలది పంపారు. పిల్లల బరువులో పదో వంతుకు కాస్త అటూఇటూ ఉండాలని, వాడంతట వాడే తీసేసుకోగలగాలని మేడం అంటే అప్పటికప్పుడు అటక మీద పెట్టేశాను.

ఇప్పుడు ఆ గదికి తాళం వేశాం. బాబు బీరువా పక్క మూలలో, మా అత్తమ్మ కొత్తవాడ నుంచి తెచ్చిన జంపఖానా మీద పడుకున్నాడు, ముందు ఒక పాత చీర కట్టాం. ఆ మూల వాడే వెతుక్కున్నాడు.

వాళ్లు ఫోన్ ఎత్తడం లేదు. వీడియో తీసేశారో లేదో కూడా తెలియదు, నాకు డబ్బు కన్నా అదే ఎక్కువ టెన్షన్‌గా ఉంది. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు రాయించాను, సోమవారం వినియోగదారుల కమిషన్‌కు వెళ్తున్నాం.

ఎవరైనా చేయించుకునేవాళ్లుంటే బిల్లు లేకుండా రూపాయి ఇవ్వకండి, ప్రతి లైటుకూ వేరే స్విచ్, వెలుగు తగ్గించే వీలు అడగండి, ముందు ఒక్క వస్తువు తెచ్చి పిల్లలు ఏమంటారో చూడండి. ఇప్పటికే వీళ్లకు అడ్వాన్స్ ఇచ్చి ఉంటే ఫిట్టింగ్‌కు రాకముందే ఆపించండి, ఉయ్యాల బిగించి ఉంటే ఈ రాత్రే విప్పేయండి.