రోజ్‌మేరీనా, వావిలా? మన సీమ ఎండకి ఏది మేలు

"అనంతపురంలో రోజ్‌మేరీ బతుకుతుందా?" అని అడగని వారం లేదు. జుట్టుకి రోజ్‌మేరీ నీళ్ళు పెట్టే వీడియోలు ఫోన్లలో తిరగడం మొదలైనప్పటి నుంచి మా వీధిలో కనీసం ఐదు ఇళ్ళలో ఆ మొక్క తెచ్చారు, వాటిలో ఇప్పుడు ఉన్నది ఒక్కటి. నాకూ ఈ ప్రశ్న కొత్త కాదు. మూడేళ్ళ కింద ఊరి చివర కొత్త ఇంటికి వచ్చినప్పుడు, పొద్దంతా ఎండ కాసే కాంపౌండ్ గోడ వెంట ఏదైనా పొద పెట్టాలనుకున్నాను. ఏడాది పొడుగునా పచ్చగా ఉండాలి, బోరు నీళ్ళు ఎక్కువ అడగకూడదు, పక్కగా పోతే ఆకు వాసన తగలాలి. చివరికి రోజ్‌మేరీ, వావిలి, లావెండర్, కరివేపాకు మిగిలాయి.

లావెండర్ గురించి రెండు ముక్కలు చాలు. ఫోటోల్లో చూసే ఆ ఊదా పూల రకానికి చలికాలంలో గట్టి చలి పడాలి, అది మన దగ్గర లేదు. ఆకు అంచులు నొక్కులుగా ఉండే ఇంకో రకం వేడిని కొంచెం మెరుగ్గా తట్టుకుంటుంది కానీ, నేను దాని మీద డబ్బు పెట్టమని ఎవరికీ చెప్పను. కరివేపాకు ఎలాగూ ప్రతి ఇంట్లో ఉంటుంది, ఉండాలి కూడా, కాకపోతే అది పొద కాదు, చెట్టవుతుంది. గోడ వెంట వరసగా పెట్టేది కాదు. ఇక అసలు పోటీ మిగతా రెండింటి మధ్యే.

ఈ రెండూ చుట్టాలే. రోజ్‌మేరీ, వావిలి రెండూ తులసి కుటుంబానివి. ఆకు తిప్పి చూడండి, రెండింటికీ అడుగున తెల్లటి సన్నని నూగు ఉంటుంది. రోజ్‌మేరీ అయితే ఆకు అంచుల్ని కిందికి ముడుచుకుని సూదిలాగా ఉంటుంది. ఆకులోంచి తడి ఆవిరైపోకుండా అవి చేసుకున్న ఏర్పాటది. అందుకే ఎండ గురించి రెండింటిలో దేనికీ టెన్షన్ పడక్కర్లేదు. అన్నట్టు, నర్సరీ చీటీ మీద రోస్మరైనస్ అని ఉన్నా, సాల్వియా రోస్మరైనస్ అని ఉన్నా మొక్క ఒకటే, 2017లో పేరు మార్చారు అంతే.

మరి రోజ్‌మేరీలు ఎందుకు చస్తున్నాయి? నా మటుకు నాకు ఈ మొత్తం వ్యవహారంలో తేల్చేది ఇదొక్కటే: మన దగ్గర రోజ్‌మేరీని చంపేది మే నెల కాదు, సెప్టెంబరు. దాని సొంత ఊరు మధ్యధరా సముద్రం చుట్టుపక్కల నేలలు. అక్కడ వాన చలికాలంలో పడుతుంది, ఎండాకాలం పొడిగా పోతుంది. అంటే దానికి వేడీ తడీ ఒకేసారి రావు. మనకి ఏడాదికి పడేదే 550 మిల్లీమీటర్లు, అందులో ఎక్కువ భాగం జూన్ నుంచి అక్టోబరు లోపల, సెప్టెంబరులో మరీ ఎక్కువ, అదీ ఇంకా వేడి తగ్గకముందే. పది రోజులు నీళ్ళు లేకపోయినా ఓర్చుకునే వేరు, వెచ్చటి బురదలో మూడు రోజులుంటే ఊపిరాడక కుళ్ళిపోతుంది.

నా మొదటి మొక్క అలాగే పోయింది. జనవరిలో నేలలో పెట్టాను, ఏప్రిల్ మే నెలల్లో ఏ నీడా లేకుండా చక్కగా నిలబడింది, కొత్త కొమ్మలు కూడా వేసింది. సెప్టెంబరులో వరసగా మూడు రోజులు వాన పడింది. ఇల్లు కట్టేటప్పుడు ఆ మూలంతా సిమెంటు పెళ్ళలు పోసి చదును చేశారు, పైకి ఎర్రమట్టే కనిపిస్తుంది కానీ అడుగున నీళ్ళు దిగే దారి లేదు. వారం తిరిగేసరికి ఆకు కొసలు ఎండాయి. కొసలు ఎండితే ఎవరికైనా దాహమేసిందనే అనిపిస్తుంది, నేనూ ఇంకో చెంబు పోశాను. పీకి చూస్తే వేళ్ళు నల్లగా, తడిసిన దారంలాగా చేతికి ఊడి వచ్చాయి. నీళ్ళు తక్కువైనా కొసలు ఎండుతాయి, ఎక్కువైనా కొసలే ఎండుతాయి. అందుకే పోసే ముందు వేలు రెండు కణుపుల లోతు మట్టిలో గుచ్చి చూడాలి, తడి తగిలితే ఆ రోజుకి వదిలేయాలి. దయచేసి ఈ ఒక్క మాట గుర్తుపెట్టుకోండి, చాలా మొక్కలు మిగులుతాయి.

కాబట్టి మీ పెరట్లో ఏది పెట్టాలో నన్ను అడిగే ముందు అడుగు లోతు గుంత తీసి నిండా నీళ్ళు పోయండి. అవి ఇంకాక మళ్ళీ నింపి గడియారం చూడండి. రెండోసారి నీళ్ళు గంట, గంటన్నరలో దిగిపోతే రోజ్‌మేరీకి నేలలో చోటుంది. సాయంత్రం దాకా నిలిచే ఉంటే వద్దు, ఎంత ఇష్టమైనా వద్దు. గులకరాళ్ళు కలిసిన ఎర్రనేల, మన చెనిక్కాయ పండే నేల, సాధారణంగా ఈ పరీక్ష నెగ్గుతుంది. కర్నూలు, నంద్యాల, తాడిపత్రి, జమ్మలమడుగు వైపు నల్లరేగడి ఉన్నవాళ్ళు గుంత తీయకుండానే కుండీకి వెళ్ళిపోవచ్చు, ఆ మట్టి వానకి ఉబ్బి నీళ్ళు పట్టుకుంటుంది, రోజ్‌మేరీకి అది పడదు.

కుండీ అంటే మట్టి కుండీ, 12 అంగుళాలది, కింద పళ్ళెం పెట్టకుండా. ఒక పాలు ఎర్రమట్టి, ఒక పాలు వంకలో దొరికే దొడ్డు ఇసుక, అర పాలు సన్న కంకర, రెండు గుప్పిళ్ళు బాగా మాగిన పశువుల ఎరువు. ఎరువు ఎక్కువ వేస్తే మొక్క ఏపుగా పెరుగుతుంది గానీ వాసన పలచబడుతుంది. నర్సరీ మొక్క వేళ్ళ చుట్టూ ఉండే కొబ్బరిపొట్టు ముద్దని అలాగే పాతేయకండి, అది స్పంజిలాగా నీళ్ళు పట్టుకుంటుంది, మెల్లగా విదిలించి నాటండి. మే నెలలో మిద్దె మీద పెట్టినవాళ్ళు కుండీని రెండు ఇటుకల మీదికి ఎత్తండి, ఆకు ఎండని తట్టుకుంటుంది కానీ కాలిన స్లాబు వేడి కింది నుంచి వేరుకి తగులుతుంది. వానలప్పుడు సన్‌షేడ్ కిందికి జరపండి. ఆకు కోసేటప్పుడు పచ్చటి లేత కొమ్మ వరకే కత్తిరించండి, ఆకులేని ముదురు కొమ్మ దాకా నరికితే మళ్ళీ చిగురు రాదు. నవంబరు, డిసెంబరులో నాలుగంగుళాల కొమ్మ కోసి, కింది ఆకులు దూసి, తడి ఇసుకలో గుచ్చితే నెల, నెలన్నరలో వేరు పోస్తుంది. విత్తనం జోలికి పోవద్దు, మొలిచేది తక్కువ, పట్టే కాలం ఎక్కువ.

ఇంత జాగ్రత్త పడే ఓపిక ఉంటే రోజ్‌మేరీ బాగుంటుంది. ఆ వాసన నాకు నిజంగా ఇష్టం, ఆలుగడ్డ వేపుడులో దించే ముందు ఒక రెమ్మ వేస్తే పిల్లలు గిన్నె ఖాళీ చేస్తారు.

వావిలికి పైన చెప్పినదేదీ అక్కర్లేదు. వంక గట్టున పుట్టే మొక్క అది, అంటే నెలల తరబడి ఎండిన ఇసుకలోనూ ఉంటుంది, వంక పారినప్పుడు నీళ్ళలోనూ ఉంటుంది. రోజ్‌మేరీకి లేని గుణం సరిగ్గా అదే, అందుకే నా ఓటు దీనికి. నేను గోడ వెంట ఐదడుగుల ఎడంతో నాలుగు పెట్టాను. మొదటి ఎండాకాలం వారానికో బిందె పోశాను, రెండో ఏడు ఎండాకాలం మొత్తానికి రెండుసార్లు. మేలో ఆకు కొంచెం పలచబడింది, ఒక్క వానకి మళ్ళీ ముసురుకుంది. గేటు తీసి ఉంటే లోపలికి వచ్చే మేకలు పక్కనున్న మందారాన్ని దూసిపోయాయి గానీ దీన్ని ముట్టలేదు. ఊదారంగు పూలకి తేనెటీగలు వస్తాయి.

పక్కింటావిడ చూసి "ఏందక్కా, వంకలో ఉండే చెట్టు తెచ్చి ఇంటి ముందర పెట్టుకున్నావు?" అంది. తర్వాత వాళ్ళ కోడలు పురిటికి వచ్చినప్పుడు బాలింత స్నానం నీళ్ళలో వేయడానికి ఆకు మా ఇంటి నుంచే పోయింది. జలుబు చేస్తే ఆవిరి పట్టడానికి, పురుగు పట్టకుండా కందుల డబ్బాలో ఎండాకు వేయడానికి మా అమ్మ వాడింది, నేనూ వాడుతున్నాను. రోజ్‌మేరీకి మన ఇళ్ళలో ఇన్ని పనులు లేవు.

లోపాలు లేవని కాదు. వదిలేస్తే పన్నెండు అడుగులు దాటిపోతుంది, ఏడాదికి రెండుసార్లు నడుం ఎత్తుకి కొట్టేయాలి. దీన్ని ఎంత నరికినా చిగురిస్తుంది. వాసన ఘాటు, అందరికీ నచ్చదు. బాల్కనీ ఇళ్ళకి పనికిరాదు, ఫ్లాట్‌లో ఉండి అడిగేవాళ్ళకి నా సమాధానం రోజ్‌మేరీ కుండీయే, నాకూ రెండు అరుగు మీద ఉన్నాయి.

ఇంకోటి, వావిలి మొక్క కోసం నర్సరీలు తిరగొద్దు. తొలకరి పడ్డాక ఏ వంక గట్టునైనా వేలు లావు కొమ్మ కోసుకుని, జానెడు లోతు గుచ్చి, చుట్టూ మట్టి కాలితో గట్టిగా తొక్కండి.